నాలుగూ నలభైకి కోటిరత్నం

కోటిరత్నానికి ఉన్నది ఒక్కటే జబ్బు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేస్తుంది. అదీ సరిగ్గా సాయంత్రం నాలుగూ నలభైకి. కత్తి గాలిలో ఉండనీ, రాజుగారి గొంతు మీద ఉండనీ, గడియారం పెద్దముల్లు ఎనిమిది మీదికి వచ్చిందంటే చాలు, "ఇంక వచ్చే ఆదివారం" అని లేచి నిలబడుతుంది.

ఒకసారి కృపాకర్ తాడు పట్టుకొని కొండ అంచు మీంచి దిగుతున్నాడు. నిజం కృపాకర్ కాదు, కథలో కృపాకర్. తాడు సగం తెగింది. బతుకుతాడో లేదో తేలడానికి పాచిక వేశాడు. పాచిక బల్ల మీద ఇంకా దొర్లుతూనే ఉంది, కోటిరత్నం దాని మీద స్టీలు గిన్నె బోర్లించింది.

"దీని సంగతి వచ్చే వారం చూస్తాం."

"అత్తా, గిన్నె ఎత్తితే అయిపాయె గదా. ఒక్క సెకను."

"ఎత్తితే నువ్వు పడినావా లేదా అంటావు. పడితే ఎక్కడ పడినా అంటావు. అది గంట పని."

ఆ వారమంతా కృపాకర్ తన మెడికల్ షాపులో జ్వరం మాత్ర అడిగినవాళ్లకు కడుపునొప్పి మాత్ర ఇవ్వబోయి నాలుక కరుచుకొన్నాడు.

ఈ ఆటను మార్కాపురానికి తెచ్చినవాడు కరుణాకరం. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేసుకొమ్మంటే ఊరికి వచ్చేశాడు, పెట్టెలో బట్టలకంటే పాచికలు ఎక్కువ తెచ్చుకొన్నాడు. ఆట చెప్పడానికి సులువే. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వేషం కట్టి, ఇప్పుడు నేను ఇది చేస్తా అని నోటితో చెబుతారు. అయ్యే పనో కాదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే.

స్టీలు సామాన్ల దుకాణం రాధాకృష్ణమూర్తి తన మేడ మీది గది ఇచ్చాడు. మొదటి రెండు ఆదివారాలు కరుణాకరమే ఇంగ్లీషు పుస్తకం చూసి కథ నడిపాడు. కృపాకర్ నిద్రపోయాడు. రాధాకృష్ణమూర్తి భార్య కోటిరత్నం మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, గడపలోనే కాసేపు నిలబడింది.

"నాయనా, ఆ గుహలో రాక్షసుడు నూరేండ్ల నుంచి ఒక్కడే ఉన్నాడంటివి. వానికి నీళ్లెట్ల?"

"నీళ్లేంది అత్తా?"

"తాగేదానికి. మన పక్క కొండల్లో మార్చి వస్తే చుక్క ఉండదు. నీళ్లకు వాడు ఊళ్లోకి రావాల్సిందే. వస్తా ఉంటే ఊరోళ్లు చూస్తా ఊరుకోరు. ఏదో ఒప్పందం ఉంటది. ఊళ్లో ఎవరు చేసినారో ఆ ఒప్పందం, ముందు అది చూడండి."

మూడు వందల పేజీల పుస్తకంలో నీళ్ల మాట లేదు. కృపాకర్ నిద్రలేచి కుర్చీ ముందుకు జరుపుకొన్నాడు. మూడో ఆదివారం నుంచి కథ నడిపే కుర్చీ కోటిరత్నానిది.

ఆటలో ఇంకొక మనిషి చెంచమ్మ. యర్రగొండపాలెం దాటినాక అడవి అంచు పల్లె వాళ్లది, గొర్రెల ఇల్లు. టీచరు ఉద్యోగం పరీక్షకని మార్కాపురంలో కోచింగ్ తీసుకొంటోంది. ఆదివారం పొద్దున కోచింగులో టెస్టు, మధ్యాహ్నం ఇక్కడ ఆట. మాట తక్కువ. తోడేళ్లు మీద పడ్డాయని మగవాళ్లిద్దరూ కత్తులు దూస్తుంటే, "ముసలి గొర్రె ఎటు తల తిప్పిందో చూడన్నా, తోడేలు అటే ఉంటాది" అనేది మెల్లగా. నిజంగానే అటే ఉండేది, ఎందుకంటే కోటిరత్నం వెంటనే ఒప్పుకొనేది.

ఆట ఎందుకు ఆపుతావని అడిగితే కోటిరత్నం వారానికో కారణం చెప్పేది. ఒక వారం ఇడ్లీకి పప్పు నానబెట్టాలి. ఒక వారం మోటారు వేయాలి. ఒక వారం ఆమె టీవీ సీరియల్లో కోడలికి స్పృహ వస్తుంది. ఆ కోడలికి నెలలో మూడుసార్లు స్పృహ వచ్చింది.

హైదరాబాదులో ఈ ఆట ఆడేవాళ్లంతా కలిసే చోటికి కరుణాకరం ఒకసారి పోయాడు. పందొమ్మిది బల్లలు వేశారు. కథ నడిపే ఆడమనిషి ఒక్క బల్ల దగ్గరే ఉంది. భోజనాల దగ్గర కరుణాకరం ఛాతీ కాస్త విరిచి, "మా మార్కాపురంలో ఉండేదే ఒక బల్ల. దాన్ని నడిపేది ఆడమనిషే" అన్నాడు. ఆ కూటం పెట్టించే నరసింహారావుకు ఆ మాట పట్టుకొంది. ఒకసారి వచ్చి చూస్తాను, బాగుంటే వచ్చే కూటంలో ఆమెకొక బల్ల వేయిస్తాను అన్నాడు.

అన్నట్టే ఒక ఆదివారం కారులో వచ్చాడు. కరుణాకరం పొద్దున్నే బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. కోటిరత్నం మాత్రం ఎప్పటి చీరలోనే వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆమె చెప్పిన కథ కరువు పట్టిన కోట కథ. కోట లోపల ధాన్యం ఉంది, బయట జనం ఉన్నారు, తలుపు తాళంచెవి ఉన్న మనిషికి రెండు వైపులా చుట్టాలే. గంటసేపట్లో నరసింహారావు తన హైదరాబాదు సంగతి మరిచిపోయి, కోట కాపలాదారు కాళ్లు పట్టుకొంటానని పాచిక వేస్తున్నాడు. చెంచమ్మ తాళంచెవి సంపాదించింది. తలుపు దగ్గరికి చేరారు. చెవి తాళంలో తిరిగింది.

నాలుగూ నలభై అయింది.

"ఇంక వచ్చే ఆదివారం" అంది కోటిరత్నం.

నరసింహారావు నవ్వాడు, పరాచికం అనుకొని. ఆమె లేచింది.

"ఇంకో అరగంట చాలమ్మా. ముగింపు ఎట్లా తెస్తారో చూస్తే మావాళ్లకు గట్టిగా చెప్పగలను."

"ముగింపు ఎక్కడికీ పోదు నాయనా. నాకు పప్పు నానబెట్టే పని ఉంది."

కరుణాకరం కళ్లతోనే బతిమాలాడు. ఆమె పాచికలు డబ్బాలో వేసుకొంటోంది. చెంచమ్మ అందరికీ దండం పెట్టి మెట్లు దిగిపోయింది. నరసింహారావు లేచి, "ఆడవాళ్లు ఈ పనిలోకి ఎందుకు రారో ఇప్పుడర్థమైంది. వంటిల్లు వదలదు" అన్నాడు. మాట మెత్తగానే అన్నాడు. కోటిరత్నం విని కూడా విననట్టు మజ్జిగ గ్లాసులు సర్దింది.

కారు పోయినాక కరుణాకరం దుకాణంలోకి వచ్చి కూలబడ్డాడు.

"మామా, ఒక్కరోజు పప్పు నానకపోతే ఏం పోయింది? ఆమెకు పెద్ద బల్ల వేయిస్తామని వచ్చినాడు ఆ మనిషి."

రాధాకృష్ణమూర్తి గిన్నెలు తుడుస్తూ తల ఎత్తాడు. "పప్పేంది? నాకు షుగర్ వచ్చిన కాడినుంచి మా ఇంట్లో ఇడ్లీ లేదు. మూడేండ్లాయె."

"మరి మోటారు?"

"అది దానంతట అదే పడతాది, అదే ఆగతాది."

"మరి ఆట ఆపేసి ఏం చేస్తాది ఆమె?"

"ఏం చేస్తాది, కిటికీ దగ్గర నిలబడతాది. ఐదింటి యర్రగొండపాలెం బస్సు పోయిందాకా నిలబడి, లోపలికొచ్చి కాఫీ పెడతాది."

కరుణాకరం గడియారం చూసి లేచాడు. బండి తీసుకొని బస్టాండుకు పోయాడు. బస్సు ఇంకా కదల్లేదు. చెంచమ్మ కిటికీ పక్క సీట్లో ఉంది.

"ఈ బస్సు తప్పితే ఏమైతది చెంచమ్మా?"

"మళ్లీ ఏడున్నరకే అన్నా. అప్పుడు యర్రగొండపాలెంలో దిగితే మా పల్లెకు ఆటోలుండవు. పొద్దుండగా ఇల్లు చేరితేనే పంపిస్తానన్నాడు మా నాయన."

"అత్తకు చెప్పినావా ఆ సంగతి?"

"చెప్పలా." ఆమె ఒళ్లోని పుస్తకాల సంచి సర్దుకొంది. "మొదట్లో ఒకసారి ఆట మధ్యలో లేచి పోయినా, గుర్తుందా? ఆడపిల్లలను పెట్టుకొంటే ఆట ఇట్లనే సగంలో పోతాదని కృపాకరన్న అన్నాడు. మీరు కూడా నవ్వినారు. ఇంక రాగూడదనుకొన్నా. ఒక్కసారి చూద్దామని ఆ వారం వచ్చినా. వస్తే పెద్దమ్మే నాలుగూ నలభైకి ఆపేసింది. రెండు నెలలు నేను కూడా పప్పనే అనుకొన్నా."

బస్సు కదిలింది. తాను నవ్వాడా లేదా అని కరుణాకరం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నవ్వాడు. గట్టిగానే నవ్వాడు.

ఇంటికి పోతూ మెడికల్ షాపు దగ్గర ఆగి కృపాకర్‌కు జరిగినదంతా చెప్పాడు. కృపాకర్ ఒక మాత్రల అట్టను తీసి, మళ్లీ అదే అరలో పెట్టి, మళ్లీ తీశాడు.

"అత్తకు మనకు తెలిసినట్టు చెప్పాల్నా?"

"వద్దు" అన్నాడు కరుణాకరం. "చెబితే ఆమె ఇంకేదన్నా కారణం వెతుక్కోవాల."

నెల తిరిగినాక కోటిరత్నం అక్క కూతురి సీమంతానికి గిద్దలూరు పోయింది. ఆ ఆదివారం కుర్చీ ఖాళీ. నువ్వు నడుపన్నా అని చెంచమ్మ కరుణాకరంతో అంది. నేను నడిపితే కృపాకర్ నిద్రపోతాడు, నువ్వు కూర్చో అన్నాడతను. ఆమె కుర్చీ అంచున కూర్చుంది, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. మొదటి పది నిమిషాలు పాచికలు అటూ ఇటూ సర్దింది. తర్వాత అడవిలో తప్పిపోయిన మంద కథ ఎత్తుకొంది. ఏ వాగులో నీళ్లుంటాయో, చిరుతపులి వస్తే పిట్టలు ఎట్ల మూగపోతాయో ఆమె చెబుతుంటే మగవాళ్లిద్దరూ కాళ్లు కుర్చీల పైకి లాక్కొని కూర్చున్నారు. చెంచమ్మ కుర్చీలో వెనక్కి జారి, చేతులు తిప్పుతూ, గడియారం మాటే మరిచిపోయింది.

ఆట ఆపింది కృపాకర్. పొద కదిలింది, లోపల ఏముందో ఆమె చెప్పబోతోంది. అతను లేచి బండి తాళం తీసుకొన్నాడు.

"పా చెల్లీ, బస్టాండులో దింపుతా. పొదలో ఏముందో ఇప్పుడు చెప్పొద్దు. వారం రోజులు నేనే తంటాలు పడతా."

దారిలో అతను అప్పటి మాటకు క్షమాపణ లాంటిది ఏదో గొణిగాడు. బండి చప్పుడులో చెంచమ్మకు సగమే వినబడింది. సగం చాల్లే అంది.

పైవారం చెంచమ్మ కోచింగు నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొచ్చింది. గిద్దలూరు నుంచి తిరిగివచ్చిన కోటిరత్నం మజ్జిగతో మేడెక్కేసరికి కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి, తనది కూడా. చెంచమ్మ గబుక్కున లేవబోయింది.

"కూర్చో కూర్చో. పొద సగంలో ఉందంట గదా" అంటూ కోటిరత్నం కింద దుకాణంలోంచి ఒక స్టూలు తెప్పించుకొని, బల్ల చివర, ఆడేవాళ్ల వైపు కూర్చుంది. ఇన్నాళ్లూ ఊరందరి కథా నడిపింది కానీ, ఆమె ఒక్క వేషమూ కట్టలేదని కరుణాకరానికి అప్పుడే తట్టింది.

"పెద్దమ్మా, నువ్వెవరుగా ఉంటావు?" అని అడిగింది చెంచమ్మ కాగితం ముందుకు లాక్కొని. "రాణిగానా? ఊరి పెద్దగానా?"

కోటిరత్నం కొంగుతో ముఖం తుడుచుకొని నిదానంగా ఆలోచించింది.

"గజదొంగను" అంది. "యాభై రెండేండ్లు బుద్ధిమంతురాలిగా ఉండి విసుగొచ్చింది. రాసుకో."