బెన్హర్ అమ్మిన నల్లతెర

శృంగవరపుకోట బాప్టిస్టు చర్చిలో గిటార్ వాయించే బెన్హర్ ఎప్పుడూ పాటకంటే ముందే ఆమెన్ చేరుకునేవాడు. నోరూ అదే వేగం. ఆ నోటిని నమ్మే సోములు గారు అతణ్ని ఉద్యోగంలో పెట్టుకున్నారు. సోములు గారికి విశాఖపట్నంలో గ్రాఫిక్స్ కార్డులు బిగించే షెడ్డు ఉండేది. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లు, ఆటల పిచ్చి ఉన్న కాలేజీ కుర్రాళ్లు కంప్యూటర్లో వేయించుకునే కార్డులవి. లోపలి సరుకంతా చైనాది. అట్టపెట్టె మీది పులిబొమ్మ మాత్రం స్వదేశీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ పులిని అమ్మే పని బెన్హర్‌ది.

2017లో ఈ కార్డుల్లో వాడే మెమరీ చిప్‌ల ధర కొండెక్కి కూర్చుంది. ఫోన్ల కంపెనీలు ఉన్న సరుకంతా ఊడ్చుకుపోతున్నాయి. పెద్ద పేరున్న కార్డులవాళ్లు రేటు పెంచి ఊపిరి పీల్చుకున్నారు. సోములు గారికి ఆ ధైర్యం లేదు.

“మనం రేటు పెంచితే మన పులిని కుక్క కూడా సూడదు” అని తేల్చేశారాయన.

రేటు కదపకుండా ఖర్చు కోయాలి. అదే సమయంలో మానిటర్లకు నీలం ప్లగ్గున్న పాత వీజీఏ పోయి, హెచ్‌డీఎంఐ వస్తోంది. చావు కబురు కూడా కలిసొచ్చినట్టు, ఆ వంకతో కార్డులోంచి పాత సాకెట్ పీకించేశారు. పాత మానిటర్ల కోసం పెట్టెలో ఊరికే వేసే కన్వర్టరూ మానేశారు. ఫ్యాను సగానికి సగం చిక్కింది. పులి మాత్రం ఒళ్లు చేసి, కొత్తగా నోరు కూడా తెరిచింది.

ఇదంతా మీటింగులో బెన్హర్‌కు చెప్పారు. అతను విన్నాడు, బిర్యానీ తిన్నాడు, షాపులవాళ్లకు “కొత్త మోడల్” అని మాత్రం చెప్పాడు.

పాతపట్నంలో కంప్యూటర్ షాపు నడిపే గ్లోరీ నుంచి ఒకరోజు ఫోనొచ్చింది.

“ఒరే బెన్హరూ, నువ్విచ్చిన కార్డు నౌపడ నాగబాబుకి అమ్మినాను. తెర మీద ఏటీ రావట్లేదంట. పెళ్లోళ్లు ఆడి మీదకొచ్చీసినారు, ఆడు నా మీదకొచ్చీసినాడు, నాను నీ మీదకొస్తన్నాను.”

“అక్కా, నువ్వు రాకు. నానే నౌపడ ఎల్తాను” అని బెన్హర్ బండి తీశాడు.

నాగబాబుది చేపలవాళ్ల ఇల్లు. వాడికి సముద్రం పడక, స్టేషను దగ్గర వీడియో మిక్సింగ్ స్టూడియో పెట్టుకున్నాడు. కార్డు వెనక, హెచ్‌డీఎంఐ పక్కన మిగిలిన తెల్ల డీవీఐ సాకెట్లో ఏదో కన్వర్టర్ వంకరగా వేలాడుతోంది.

“నా పాతదే బావా. నాలుగు సూదులు అడ్డం తగిలినాయి. గోళ్లు కత్తిరించేదాంతో కోసీసి లోపలికి తోసీసినాను” అన్నాడు నాగబాబు గర్వంగా.

“ఓర్నాయనో! పాత మానిటర్‌కి బొమ్మ మోసేవి ఆ నాలుగు సూదులే కదరా!”

“మరి నీ కార్డులో ఆటికి కన్నాలే నేవు గదా!”

బెన్హర్ వంగి కార్డు వెనక వేలు పెట్టి తడిమాడు. నిజమే, లేవు. సరిగ్గా అప్పుడే నాగబాబు తల్లి తవిటమ్మ ఖాళీ చేపల గంప దించి లోపలికొచ్చింది. సంగతి వింది.

“సరుకు పిరమైతే పిరమైనాదని సెప్పాల. తూకం తగ్గించీడం ఏటిరా గుంటడా? సిగ్గు నేదా?”

చేపల తూకంలో తవిటమ్మ బొటనవేలి బరువెంతో నౌపడ అంతటికీ తెలుసు. అయినా ఆ మాట బెన్హర్‌కు ముల్లులా దిగింది. షాపులవాళ్లకు చూపించడానికి సంచిలో పెట్టుకు తిరిగే, హెచ్‌డీఎంఐని పాత మానిటర్‌కి కలిపే కన్వర్టర్ తీసి బిగించాడు. తెర వెలిగింది. తెర నిండా పెళ్లికొడుకు, మూతికి పెరుగు పూసుకుని ప్రత్యక్షమయ్యాడు. పెళ్లివాళ్లు శాంతించారు. తవిటమ్మ మాత్రం మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మర్నాడు బెన్హర్ సొంత ఖర్చుతో స్టిక్కర్లు అచ్చు వేయించాడు. ‘పాత మానిటర్‌కి ఇది పనిచెయ్యదు. కన్వర్టర్ విడిగా కొనుక్కోవాలి.’ తన చేతి మీదుగా వెళ్లే ప్రతి పెట్టె మీదా అంటించాడు. ఒకటి సరిగ్గా పులి నోట్లో అతుక్కుంది. సోములు గారు ఫోనులో శివాలెత్తారు.

“అమ్మమని పంపితే ఆపుతన్నావేటిరా?”

అమ్మకాలు తగ్గిన మాట నిజమే. తిరిగొచ్చే సరుకూ తగ్గింది. రానూపోనూ లారీ కిరాయి మిగలడం చూసి, ఆయన అదే ముక్క అన్ని పెట్టెల మీదా వేయించారు, ఇంగ్లీషులో, రెండు తప్పులతో. బెన్హర్‌ను మాత్రం మెచ్చుకోలేదు.

కంపెనీని ముంచింది అది కాదు. చిప్‌ల ధర ఇంకా పెరిగిపోతుందన్న భయంతో సోములు గారు అప్పు చేసి మరీ నిల్వ పెట్టారు. పెట్టగానే ధర దభీమని పడింది. పిరానికి కొన్న చిప్‌తో చేసిన కార్డును చవగ్గా ఎలా అమ్మాలో ఆయనకు అంతుపట్టలేదు. 2019లో షెడ్డుకు తాళం పడింది. బెన్హర్ నాలుగు రోజులు అన్నం సహించక తిరిగాడు. తిట్టుకున్నా, తొలి జీతం ఇచ్చిన మనిషి ఆయనే.

తర్వాత రొయ్యల మేత కంపెనీలో చేరాడు. మేత రేటు పెరిగినప్పుడు, ఆ సంగతి ముందే చెప్పి, చెరువులవాళ్ల తిట్లన్నీ తిన్నాకే బస్తా దించేవాడు. ఒక ఆదివారం చర్చి మెట్లు దిగుతుంటే సోములు గారి ఫోను.

“మీ కంపెనీలో ఏదైనా ఖాళీ ఉన్నాదేటిరా?”

“రొయ్యల గురించి తెలుసా సార్?”

“తినడం తెలుసు.”

“నాకూ అంతే తెలుసు. వొచ్చీండి.”