అడ్డపొగ హీరో

జంషెడ్‌పూర్ సిద్ధగోరాలోని మా ఇంట్లో టీవీ పెడితే చాలు, ఎవడో ఒక హీరో సిగరెట్ వెలిగిస్తాడు. తన్నే ముందు ఒకటి, తన్నాక ఒకటి. తెర కింద హానికరమంటూ చీమల్లాంటి అక్షరాలు వస్తాయి. ఆరో తరగతి చదివే నా మనవరాలు వాటిని చూడదు. పొగనే చూస్తుంది.

"తాతా, క్యా స్టైల్ హై!" అంది ఓ సాయంత్రం.

నా ఇంట్లో నాకంటే స్టైలు ఇంకొకడికా?

"అదీ ఒక పొగేనేటే? మా సికాకోళంలో ఆడోళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో ఎట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. మా అమ్మ అలాగే తాగీది. నేనూ అంతే! స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు, అలా ఎట్టుకునే ఖరగ్‌పూర్ దాకా బొగ్గు ఏసీవోణ్ణి. పొగ సెవుల్లోంచి వచ్చీది. దాంతో డ్రైవర్‌కి సిగ్నల్ కనబడీది కాదు!"

పిల్ల టీవీ కట్టేసింది. ఆ రాత్రి నా అంత గొప్పవాడు జంషెడ్‌పూర్‌లో లేడు.

మర్నాడు పొద్దున్న పిల్ల దేవుడి గూటి పక్క అద్దం ముందు నిలబడి ఉంది. చేతిలో వెలుగుతున్న అగరబత్తి. నోరు బారెడు తెరిచి, నిప్పు వైపు లోపలికి పెట్టుకోబోతోంది.

మోకాళ్ల నొప్పులన్నీ మరిచి పులిలా దూకాను. లేదు, దూకలేదు. చాప తట్టుకుని పిల్ల మీద పడ్డాను. అగరబత్తి నా లుంగీ మీద పడి బొక్క చేసింది.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "ఏటి మావయ్యా ఈ గోల?"

"తాతానే బతాయా! స్కూల్లో సబ్‌కో దిఖాతీ," అంది పిల్ల, ఏడుపు మొహంతో. తాతే చెప్పాడట, స్కూల్లో అందరికీ చూపిద్దామనుకుందట.

కోడలు సంగతంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "టీవీవోళ్లయినా కింద ఓ ముక్క రాత్తారు. మీరదీ రాయరు కదా మావయ్యా!"

పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఇనవే. నీ వయసులో ఒక్కసారే ఎట్టుకున్నాను. నాలిక బొబ్బలెక్కి, కారం తగిల్తే గెంతులేసీవోణ్ణి. ఇంజన్ మీద రెండు చేతులూ పారకే సరిపోయీవి. ఇంక సుట్టెక్కడ?"

"ఔర్ కాన్ సే ధువా?"

"సెవుల్లోంచి పొగా? అదీ అబద్ధమే."

"ఖరగ్‌పూర్?"

"ఎక్కువగా ఇక్కడ దగ్గర్లో ఉన్న చక్రధర్‌పూర్ దాకానే."

దాని మొహం వాడిపోయింది. అప్పుడు మా అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ అంగిలి తెల్లబడి పుండు పడింది. చివర్లో గంజి కూడా గోడ వైపు తిరిగి తాగేది, మింగుతుంటే మొహం ఎలా అయిపోయేదో మేం చూడకూడదని. అది ఏ టీవీలోనూ రాదు. నేనూ ముందు రోజు చెప్పలేదు.

పిల్ల లేచి వెళ్లి, అగరబత్తి గుచ్చే గిన్నెని స్టూలెక్కి పై అరలో పెట్టి వచ్చింది. నాకు కూడా అందకుండా కాబోలు.

ఇప్పుడు నేను ఏ కథ మొదలుపెట్టినా, వచ్చి నా కాళ్ల దగ్గర, సరిగ్గా టీవీ తెర కింద ఆ హానికరం అక్షరాలు వచ్చినట్టు కూర్చుంటుంది. వార్తలు చదివేవాళ్ల గొంతు పెట్టి, "తాత కథలు ఆరోగ్యానికి హానికరం," అంటుంది. వంటింట్లోంచి కోడలు, "గట్టిగా సదువే, ఇనబళ్లేదు," అంటుంది.

నిన్న అగ్రికో బజారు నుంచి వంకాయలు తెచ్చానన్నా అదే చదివింది. వంకాయలు నిజంగానే తెచ్చాను. బేరం సంగతే కాస్త పెంచాను.