నా దిష్టి అనలేదు

నాకు రాయడం రాదు. ఐదో తరగతి దాకానే చదివాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పిపోతే ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్ళకు పైగా ఒక సంగతి మింగలేక కక్కలేక మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు వరసగా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మా ఆయన ఓడల యార్డులో సూపర్‌వైజరు. మా మరిది సైన్స్ పార్కులో కంప్యూటర్ ఇంజనీరు. జురాంగ్ ఈస్ట్‌లో ఒకే ఫ్లాట్‌లో రెండు జంటలం ఉండేవాళ్ళం. మా తోటికోడలి పేరు మార్చి రాస్తున్నాను. శిరీష అనుకోండి. తనూ ఇంజనీరే. నన్ను నోరారా అక్కా అని పిలిచేది.

ఆ ఏడు వాళ్ళిద్దరూ ఫ్రాన్స్ దేశంలో, మెడిటరేనియన్ అనే సముద్రం ఒడ్డున, పది రోజులు సైకిళ్ళ మీద తిరుగుతూ ఊళ్ళు చూడాలనుకున్నారు. ఆ సముద్రం పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. కానీ శిరీషకు సైకిల్ రాదు. మరిదికి తీరిక లేదు. నేర్పింది నేను. చిన్నప్పుడు మా నాన్న సైకిల్‌ని కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినదాన్ని. నెల రోజులు పొద్దున్నే బ్లాకు వెనక పార్కులో, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, సీటు పట్టుకుని తన వెనక పరిగెత్తాను. చెప్పకుండా చేయి వదిలేసిన రోజు తను కొంత దూరం ఒక్కతే వెళ్ళి, వెనక్కి చూసి, నేను లేనని తెలిసి పడింది. ఇద్దరం గడ్డిలో కూర్చుని నవ్వాం. అప్పుడు నాకు అసూయ లేదు. లేదనే అనుకుంటున్నాను.

తిరిగొచ్చాక మొదలైంది. ఎండకు ఇద్దరూ నల్లబడ్డారు. మరిది సోఫాలో కూర్చుని, నేను ఎదురుగా ఉన్నా మొహమాటం లేకుండా, శిరీష పిక్కలకు బామ్ రాస్తున్నాడు. ఒక పక్క సముద్రమట, ఒక పక్క ద్రాక్ష తోటలట. ఎత్తు వచ్చినప్పుడల్లా మరిది ముందు తన సైకిల్ పైకి చేర్చి, మళ్ళీ కిందికి దిగొచ్చి శిరీషది తోసేవాడట. నాకు ఆ దేశం మీద ఆశ పుట్టలేదు. ఆ కిందికి దిగి రావడం ఉందే, అక్కడ కడుపు మండింది. అదే సమయానికి మా ఆయన పళ్ళెం ముందు నుంచి "పులుసులో ఉప్పేశావా?" అన్నారు. రెండేళ్ళలో నన్ను సెంటోసా బీచికి కూడా తీసుకెళ్ళలేదు.

ఆ ఆదివారం వాళ్ళ ఆఫీసు స్నేహితులు భోజనానికొచ్చారు. సైకిల్ ఎవరు నేర్పారని ఒకావిడ అడిగింది.

"ఇంకెవరు, మా ఆయనే" అంది శిరీష.

మరిది నవ్వి ఊరుకున్నాడు. నేను గారెలు వడ్డిస్తూ వాళ్ళ మధ్యే ఉన్నాను. ఎందుకలా అంది? మొగుడి మీద మురిపెమా? చదువులేని అక్క నేర్పిందంటే నామోషీ అనా? అడగలేదు. అడిగి ఉంటే ఇదంతా జరిగేది కాదేమో.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ శిరీష మూడు ఫొటో రీళ్ళు నా చేతిలో పెట్టింది. స్టేషన్ పక్క షాపులో కడగడానికి ఇమ్మంది. వెలుతురు తగలనీయొద్దు, తగిలితే ఫొటోలన్నీ పోతాయని చెప్పింది. చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

బ్లాకు కింద రాతి బల్ల మీద కూర్చున్నాను. రీలు కొస కొద్దిగా బయటికి ఉంది. పట్టుకుని లాగాను. చివరిదాకా లాగి ఎండలో పట్టుకుని చూశాను. ఏమీ కనపడలేదు. మళ్ళీ లోపలికి చుట్టేశాను. ఒకదానితో ఆగొచ్చు కదా? మొదటిది కోపంలో లాగాననుకోండి. రెండోది? మూడోదానికి వచ్చేసరికి కోపం కూడా లేదు. అయినా లాగాను.

రెండ్రోజుల తర్వాత షాపు అంకుల్ "ఆల్ బ్లాక్ లా" అని చేతులు తిప్పాడు. అన్నీ నల్లబడిపోయాయట. మాట చివర లా తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

మరిది శిరీష మీద మండిపడ్డాడు. ఎయిర్‌పోర్టులో బ్యాగుతో పాటు ఎక్స్‌రే మెషిన్లో పెట్టొద్దు, పాడైపోతాయి, రీళ్ళు చేత్తో పట్టుకోమన్నానా లేదా అని. తను ఏడుస్తూ తప్పు తనదే అంది. ఆ మాట వింటే నాకు హాయిగా అనిపించింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడుసార్లు పెన్ను కింద పెట్టాను.

ఆ సాయంత్రం తను వంటింట్లోకి వచ్చింది.

"మా మీద ఎవరి కళ్ళు పడ్డాయో అక్కా. కాస్త దిష్టి తియ్యవా?"

ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి తన చుట్టూ తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్ళోవాళ్ళ దిష్టి అన్నాను. మా వైపు ఆ వరసలో నా దిష్టి అని కూడా అంటాం. తీసేవాళ్ళు తమని కూడా కలుపుకోవాలి. నాకు నోరు రాలేదు. అది వదిలేసి థూ థూ అన్నాను.

"నీ దిష్టి అనలేదేంటక్కా?"

"మర్చిపోయానే."

తను కళ్ళు తుడుచుకుని నవ్వింది. "పోన్లే. నీ దిష్టి నాకెందుకు తగుల్తుంది."

ఉప్పు సింకులో వేసి, కరిగేదాకా నీళ్ళు వదిలి నిలబడ్డాను.

ఇప్పుడు ఎవరి ఫ్లాట్లు వాళ్ళకున్నాయి. ఆ రీళ్ళు మాత్రం శిరీషను వదల్లేదు. ఏ ముఖ్యమైన కాగితం తన చేతికిచ్చినా "జాగ్రత్త, దీన్ని కూడా రీళ్ళు చేసేవు" అంటాడు మరిది. అందరం నవ్వుతాం. నేను కూడా. మొన్న వాళ్ళమ్మాయి పాస్‌పోర్టులు తన దగ్గరే పెట్టుకుంటూ "అమ్మకివ్వొద్దు లా, రీళ్ళు చేస్తుంది" అంది. ఆ పిల్ల అప్పటికి పుట్టనైనా లేదు. ఈసారి శిరీష నవ్వలేదు. నా వైపు తిరిగి, నేను మరీ అంత అజాగ్రత్త మనిషినా అక్కా అంది. కాదమ్మా అన్నాను.

ఇది మీ పత్రికలో అచ్చయితే తను చదువుతుంది. పేరు మార్చినా, మూడు రీళ్ళు అనగానే తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను. బ్యాగు వల్ల కాదు శిరీషా. ఇరుగు దిష్టి కాదు, పొరుగు దిష్టి కాదు. నా దిష్టి.

అనేశాను. గుండె కొంచెం తేలికపడింది.

రాతలో తప్పులుంటే చదివినవాళ్ళు క్షమించండి. అక్షరాల తప్పులకే అడుగుతున్నాను. రెండో తప్పు మీరు క్షమించేది కాదు.