రెండు లైఫ్ జాకెట్ల డెంజిల్ తాత

మా డెంజిల్ తాతకి భయం. కొందరికి పామంటే భయం, కొందరికి పెళ్ళామంటే భయం. ఆయనకి గాలంటే భయం, నీళ్ళంటే భయం, నీళ్ళ మీద తేలేది ఏదైనా భయమే. అలాంటి మనిషి ఇంగ్లండు కొసన కార్న్‌వాల్‌లో మా రేవులో, పెద్ద జబ్బుల నుంచి కోలుకునే పిల్లలకి తెరచాప పడవ నేర్పే సంఘానికి ఇరవై ఏళ్ళు అండగా నిలిచాడు. నేనక్కడ పడవ నడిపేదాన్ని.

గట్టు మీద రెండు లైఫ్ జాకెట్లు, ఒకదాని మీద ఒకటి తొడుక్కుని నిలబడేవాడు. గట్టు మీద ఎవరు మునుగుతారని అడిగితే, గట్టును మాత్రం నమ్మేదేముందనేవాడు. పడవలో పేస్టీ, అంటే మాంసం కూరిన మా ఊరి కజ్జికాయ, తింటే అరిష్టమని మా జాలర్ల నమ్మకం. పిల్లల చేతిలో అది కనిపిస్తే లాక్కుని, అరిష్టం విరగడయ్యేదాకా తానే నమిలేవాడు.

ఆకాశం అద్దంలా ఉన్నా, "ఈ రోజు నాకేం బాగా అనిపించట్లేదే" అనేవాడు. పిల్లలు ఆయనకి ధైర్యం చెప్పి పడవెక్కేవాళ్ళు. అసలే బిక్కుబిక్కుమనే పిల్లల ముందు ఈ శకునాలేమిటని నాకు ఒళ్ళు మండేది.

ఒక వేసవిలో మోర్వెన్ అని పదకొండేళ్ళ పిల్ల వచ్చింది. ఏడాదిన్నర ఆసుపత్రిలో ఉండి వచ్చింది. నాలుగు రోజులు గట్టు దిగలేదు. అయిదోరోజే ఆఖరు, మర్నాడు మళ్ళీ ఆసుపత్రికి. పడవెక్కకుండానే వెళ్ళిపోతుందేమోనని నా బెంగ.

తాత వెళ్ళి ఆ పిల్ల పక్కన కూలబడ్డాడు.

"నన్నివాళ పడవెక్కమంటున్నారమ్మా. నాకేం బాగా అనిపించట్లేదు."

మోర్వెన్ ఎగాదిగా చూసింది. "రెండు జాకెట్లున్నాయిగా?"

"చాలవేమో."

"సరే, పద తాతా. నేను పక్కన కూర్చుంటాలే. కిందికి మాత్రం చూడకు."

రేవు దాటామో లేదో గాలి ఎదురు తిరిగింది. తెరచాప తాడు బిగుసుకుపోయింది, పడవ ఒక పక్కకి ఒరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాత మోర్వెన్ భుజంలో ముఖం దాచుకుని వణుకుతున్నాడు. అలా వణుకుతూనే ఎడమచెయ్యి వెనక్కి చాచి, చూడకుండా ఆ తాడు విడిపించేశాడు. పదిహేనేళ్ళుగా పడవ నడుపుతున్న నాకే అంత ఒడుపు లేదు. నేను నోరు తెరవబోతే కన్నుకొట్టి, మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు.

దిగాక నా చెవిలో అన్నాడు: "ఎవరికీ చెప్పకు. పిల్లలు ధైర్యం చెప్పడానికి వాళ్ళకంటే పిరికివాడు ఒకడుండాలి."

మోర్వెన్ వెళ్తూ వెళ్తూ ఆగింది. "వచ్చే ఏడాది కూడా భయపడతావా తాతా?"

"తప్పకుండా పడతానమ్మా."

ఆ పిల్ల కోలుకుని ఏటా వచ్చి, చెయ్యి పట్టుకుని ఆయన్ని పడవెక్కించింది. తాత మాట తప్పే మనిషి కాదు. కిందటి చలికాలంలో కన్నుమూసేదాకా ఏటా భయపడ్డాడు.