అసిరయ్య వరసలు

మా అసిరయ్యకు మనిషి కనబడితే వరస కలపందే ముద్ద దిగదు. జ్వరంతో టిక్కెట్లు కొడుతున్న రాయగడ బస్సు కండక్టరు అతనికి బావమరిది. దామంజోడి రోడ్డు పక్కన లారీ చెడి కూర్చున్న పంజాబీ డ్రైవరు పెదనాన్న. కుంటుతూ వచ్చిన వీధికుక్క మరదలు. అది సిగ్గుపడటం నేను కళ్లారా చూశాను.

నేను ఏడో తరగతి ఫస్టున ప్యాసైనవాణ్ణి, రెండుసార్లు వార్డు మెంబర్ని, బ్లాకాఫీసులో శాలువా కప్పించుకున్నవాణ్ణి. అయినా నన్ను "మెంబరుగారూ" అనే పిలుస్తాడు, అంతే!

పోయిన ఏడాది మా కొల్నారలో సర్కారు డబ్బుతో హాస్టలు ప్రహరీ కట్టారు. బిల్లు చేతికందినా కాంట్రాక్టరు ఈశ్వరప్రసాద్, ఇటుకలు మోసిన ఆడవాళ్లకు కూలి ఎగ్గొట్టి జయపురంలో కూర్చున్నాడు. ఆ కూలి వస్తే గాని వానల్లోపు వాళ్లలో తవిటమ్మ ఇంటికి రేకులు పడవు. నేను స్వయంగా అర్జీ రాశాను. దస్తూరీ బాగుందన్నారు.

"మెంబరుగారూ, ఈశ్వరప్రసాద్ కూతురికి ఎల్లుండి తాంబూలాలంట. మేనత్తలు నేకుండా ఎలాగ?" అన్నాడు అసిరయ్య.

"మేనత్తలెవర్రా?"

"మన తవిటమ్మోళ్లే!"

రైలుపెట్టె నిండా మేనత్తలతో జయపురంలో దిగాం.

"అల్లుడూ! నీ అప్పసెల్లెళ్లొచ్చేరు!" గుమ్మంలోంచే కేకేశాడు అసిరయ్య.

ఈశ్వరప్రసాద్ వియ్యాలవారి వంక చూశాడు. వీళ్లు కూలివాళ్లంటే, మరి కూలెందుకివ్వలేదని వాళ్లు అడుగుతారు. తవిటమ్మ పెళ్లికూతురి బుగ్గ గిల్లి, "ఓలమ్మి, అచ్చం నా పోలికే!" అంది.

కాబోయే వియ్యంకుడు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంతమందా అప్పచెల్లెళ్లు?"

"ఆల నాయిన ఓపికున్న మడిసి బావా. అది సరే, అప్పసెల్లెళ్ల బాకీ ఎగ్గొట్టి మావోడు తాంబూలాలు పుచ్చుకుంతన్నాడు. ఇదేటి నాయం?"

వియ్యంకుడు పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. "ఆడపడుచుల ఉసురు మా అబ్బాయికొద్దు. ముందు అది తీర్చండి!"

బీరువా తెరుచుకుంది. అణాపైసలతో కూలి ముట్టింది. మేనత్తలన్నాక తప్పదు గనక తలో చీరా వచ్చింది. తవిటమ్మ అంచు సన్నమని మార్పించుకుంది.

తిరుగు రైల్లో ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఊరందరికీ చుట్టానివే, నాకొక్కడికే ఏమీ కావేంరా?"

"సుట్టమవడానికి మీకేటి కష్టమొచ్చింది మెంబరుగారూ?"

అప్పుడు గుర్తొచ్చాయి కండక్టరు జ్వరం, డ్రైవరు లారీ, కుక్క కాలు.

మర్నాడు నాకు మోకాలు పట్టేసింది. నొప్పి కొద్దిదే గాని, వీధి చివరిదాకా వినబడేలా మూలిగాను. పొద్దెక్కకముందే అసిరయ్య కర్పూరం నూనె సీసాతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ మోకాలు మావా?"