గోడల్లేని హాల్లో బలికోవా

బలికోవా జీవితమంతా ఒకే కప్పు కింద గడిచింది. జింజా ఊళ్ళో సరస్సు ఒడ్డున ఉన్న పత్తి మిల్లులో, మీసాలైనా రాకముందే యంత్రాలకు నూనె పోసే పనిలో చేరాడు. మిల్లు మూతపడ్డాక దానికే కాపలాదారయ్యాడు. "గబ్బిలాలకి కాపలా ఏమిటయ్యా?" అని ఏడిపించేవాళ్ళం. నవ్వి ఊరుకునేవాడు. ఆ మనిషికి ఇంకో చోట ఊపిరాడదు, అంతే.

ఆ మిల్లుని కంపాలా నుంచి వచ్చిన నలుబేగా అనే ఆవిడ రెస్టారెంటుగా మార్చింది. తెల్లటి బల్లగుడ్డలు, గాజు దీపాలు, పెద్ద దర్జా. ఇటుకలు కడిగించింది. గింజ తీసే పాత యంత్రం ఒకదాన్ని నట్టనడుమ నిలబెట్టింది. లోపలి అడ్డుగోడలన్నీ పడగొట్టించి ఒకటే హాలు చేసింది. నన్ను వంటకి పెట్టుకుంది. బలికోవాకి కోటు తొడిగి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పని ఇచ్చింది. "ప్రారంభం రోజు చూస్తాను. నచ్చితే ఉంటావు, లేదంటే లేదు" అని మొహం మీదే చెప్పేసింది. ఇక అతనికి నిద్ర లేదు. ఇంట్లో పెళ్ళాం ముతేసిని కుర్చీలో కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి ప్రాణం తీశాడట.

ప్రారంభం రోజు మధ్యాహ్నం, మిల్లులో ఒకప్పుడు పనిచేసిన ఆడవాళ్ళని కూడా నలుబేగా భోజనానికి పిలిచింది. మంచి పనే. వాళ్ళలో నైగాగ కూడా ఉంది. ఆవిడ బలికోవాకి సాక్షాత్తూ అత్తగారు.

మా వైపు అత్తా అల్లుడూ ఎదురుపడరు. ఒక గదిలో కూర్చోరు, మొహాలు చూసుకోరు. చెయ్యి తగిలిందంటే వణుకుడు జబ్బు ఖాయం. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళ మాటలన్నీ గోడకి అటొకరు ఇటొకరు నిలబడి నడిచినవే. ఈ హాల్లో గోడేదీ?

ఆవిడ గొంతు వినబడగానే బలికోవా యంత్రం వెనక్కి దూరాడు. ఆవిడ శాలువా మొహం మీదికి లాక్కుని ఓ మూలకి తిరిగి కూర్చుంది. నేను పంపిన మతోకే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు ముట్టనే లేదు.

నలుబేగా విసవిసా వచ్చింది. "ఏం దాగుడుమూతలివి? గుమ్మంలో పెద్దమనుషులు నిలబడిపోయారు."

"మా అత్తగారమ్మా."

"నాకు తెలియదా? మా అమ్మా, మా ఆయనా అంతే. కానీ ఇది ఇల్లు కాదు. ఈ ఒక్క పూటా కళ్ళు మూసుకుని పనిచెయ్యి."

"కళ్ళు మూసుకుంటే కుర్చీలెలా కనబడతాయమ్మా?" అన్నాను వంటింటి గుమ్మంలోంచి. నా నోరు ఊరుకోదు.

"నబిర్యే, నువ్వు పులుసు చూసుకో!" అని నన్ను కసిరి, అతని వైపు తిరిగింది. "ఉంటావా, ఇంటికి పోతావా?"

"నేనుంటే ఆవిడ తినదమ్మా" అన్నాడు బలికోవా. వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ పట్టుకుని వేళ్ళాడిన చోటు వదిలేశాడే అని నాకు ఏడుపొచ్చింది.

అదే సమయానికి, తనవల్ల అల్లుడి పని పోకూడదని నైగాగ లేచి ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. నేను పళ్ళెం పట్టుకుని ఆవిడ వెనకాలే పరుగెత్తాను. అతను అటు నుంచీ ఆవిడ ఇటు నుంచీ మిల్లు చుట్టి వచ్చి, సరిగ్గా గేటు దగ్గర ఎదురుబొదురుగా తేలారు. శాలువా జారిపోయింది. అచ్చం ముతేసి మొహం, ముడతలు పడిందంతే. బలికోవా నోరు తెరుచుకుని చూశాడు. మరుక్షణం ఇద్దరూ గిరుక్కున ఒకరికొకరు వీపు తిప్పేశారు.

"లోపలికి పో నాయనా, పని చెడగొట్టుకోకు."

"మీరే వెళ్ళండమ్మా, పులుసు చల్లారిపోతుంది."

"నాకాకలి లేదు."

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ముతేసి చెప్పింది."

ఇంతలో నలుబేగా కూడా వచ్చింది. నైగాగ వెనక్కి తిరగకుండానే ఆమెతో అంది:

"అమ్మాయీ, ముతేసి కడుపులో ఉండగా ఈ మిల్లులో పొద్దంతా నిలబడి పత్తి ఏరాను. కాసేపు కూర్చోమని ఒక్క మగాడూ చోటివ్వలేదు. ఇవాళ ఒకడు నాకోసం తన చోటే వదిలేసుకున్నాడు. వాణ్ణా పంపించేస్తావు?"

నలుబేగా నా చేతిలో పళ్ళెం తీసుకుని, రెండో చేత్తో ఆవిడ భుజం పట్టుకుంది. "రండమ్మా, మీ కుర్చీ నేను లాగుతాను" అని రెండడుగులు వేసి ఆగింది. "బలికోవా, ఆవిడ తిని వెళ్ళాక వచ్చి పని చూసుకో."

"సరేనమ్మా" అన్నాడతను, గేటు వైపే మొహం పెట్టి.