లాజరు ఓటు

నారాయణఖేడ్ బస్సు డిపో వెనక, సెల్‌ఫోన్ల దుకాణం మీది గదిలో కెమెరా ముందు కూర్చుని సైమన్ ఆ కథ చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చివరి రెండు మాటలు గొంతు మార్చి అనేవాడు. "నేనే సార్." ఆ రెండు మాటల కోసమే జనం ఆ వీడియోలు వెతుక్కుని చూసేవారు.

సైమన్‌ది మనూర్ దగ్గర చిన్న ఊరు. ఇరవై ఏళ్ళు పార్టీకి ఓట్ల పని చూశాడు. ఊరి ఓటర్ల లిస్టు మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా అతనికి నోటికి వచ్చేది. ఎవరు బొంబాయిలో ఉన్నారు, ఎవరు చెరకు కొట్టడానికి పోయారు, ఎవరు కాలం చేశారు, అన్నీ తెలుసు. ఇళ్ళకు ఓటరు చీటీలు పంచాక, తీసుకునే మనిషి లేక మిగిలినవన్నీ ఒక సంచిలో వేసుకునేవాడు. పోలింగు నాడు మధ్యాహ్నం, వరసలు పలచబడ్డాక, ఆ చీటీలకు మనుషులు దొరికేవారు. అది తప్పని అతనికి తెలుసు. అవతలి పార్టీ వాళ్ళకూ ఒక సంచి ఉందన్న ధైర్యం.

తమ్ముడు లాజరుకు అన్న మాటే మాట. పార్టీ మీటింగు ఉన్న పొద్దున బోరంచ నుంచి జెండాలు తెమ్మని సైమన్ పంపితే, వచ్చేటప్పుడు లారీ గుద్దింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఊళ్ళో ఎవరు పోయినా లిస్టులోంచి పేరు తీసెయ్యమని ఫారం నింపేది సైమనే. తమ్ముడికీ ఒక ఫారం తెచ్చాడు. 'కారణం' అని ఉన్నచోట కలం ఆగిపోయింది. మడిచి బైబిల్లో పెట్టాడు. నాలుగు వందల పన్నెండో నంబరు, తోమా కొడుకు లాజరు, లిస్టులో అలాగే ఉండిపోయాడు.

మూడేళ్ళకు మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. లాజరు భార్య గ్లోరీ తన చీటీ తీసుకుని, మొగుడిది బావ చేతిలో పెట్టింది. దాన్ని జేబులో దాచుకోవలసినవాడు, చేతి అలవాటు కొద్దీ సంచిలో వేశాడు.

పోలింగు నాడు సైమన్ ఊరి బళ్ళో పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో అవతలి పార్టీ ఏజెంటు బస్వరాజ్. ఆటోలో దించిన ఎవరో మనిషి చీటీ అందించాడు. ఆఫీసరు పైకి చదివాడు.

"నాలుగు వందల పన్నెండు. లాజరు, తండ్రి తోమా."

"నేనే సార్."

ఆఫీసరు ఏజెంట్ల వంక చూశాడు. ఆ మనిషి లాజరు కాడని చెప్పడానికే సైమన్‌ను అక్కడ కూర్చోబెట్టారు. అతను తల వంచుకుని, ఓటు పడ్డట్టు లిస్టులో ఆ పేరు మీద గీత కొట్టాడు. బస్వరాజ్ నోరు తెరిచేలోపు ఆడవాళ్ళ వరసలోంచి గ్లోరీ ముందుకు వచ్చింది. ఆమె అరవలేదు. ఆ మనిషి మొహంలోకి చూసి, బయటికి నడిచి, బడి మెట్ల మీద నిలబడింది.

"నా పెనిమిటి ఓటెయ్య వచ్చిండంట గదా. ఏడున్నడు? నాకు జర చూపియ్యుండ్రి."

ఎవరో ఫోనులో తీశారు. పొద్దుగూకేసరికి ఖేడ్ అంతా చూసింది. కేసయింది. సైమన్‌తో తమకు సంబంధం లేదని పార్టీ చెప్పేసింది. ఆదివారం ప్రార్థనకు వెళ్తే గుళ్ళో అతని పక్క చోటు ఖాళీగా ఉండేది.

ఆర్నెల్లకు బస్వరాజే వచ్చాడు. పార్టీ మీద విసుగుపుట్టి యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్నాడు. "తిట్టిన నోళ్ళే నవ్వుతయి, రా అన్నా," అన్నాడు. సైమన్ వెళ్ళాడు. దొంగ ఓట్ల గుట్టంతా విప్పి, తన మీద తనే జోకులేసుకున్నాడు. "బైబిల్ల లాజరు నాలుగో దినం లేచిండు. మా లాజరు మూడేండ్లకు లేచిండు, గదీ ఓటెయ్యనీకె." జనం విరగబడి నవ్వారు. పెళ్ళిళ్ళలో పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

మొదట్లో అతను అనుకరించింది ఆటోలో వచ్చినవాడి గొంతునే. చెప్పగా చెప్పగా ఆ గొంతు జారి, ఒకనాడు తమ్ముడిది అయిపోయింది. కొంచెం ముక్కుతో, చివర తేలిపోయే ఆ మాట విని సైమన్ కెమెరా ముందే బిగుసుకుపోయాడు. బస్వరాజ్‌కు అది తెలియలేదు. ఆ రోజు నుంచి కథ చెప్పాలంటే భయమేసేది. చెప్పకుండా ఉండాలంటే ఇంకా భయమేసేది. తమ్ముడు మిగిలింది ఆ రెండు మాటల్లోనే.

ఒక పొద్దున గ్లోరీ ఆ గదికి వచ్చింది. ఏడాదిగా మాటల్లేవు. తిట్టడానికే వచ్చిందనుకున్నాడు.

"షైనీ నీ వీడియో పెట్టుకుంటది, బావా. ముచ్చటంత ఇనది. గా రెండు మాటలే ఇంటది. నాయిన గొంతేనంటది. బస్వరాజ్ నవ్వుడు షురువైతే బంద్ చేస్తది."

షైనీ ఆమె కూతురు. పదేళ్ళది.

సైమన్ లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. "నన్నేం చెయ్యమంటవు?"

"ఆయన సచ్చిపోయిండని చెప్పు. అందరు అన్నరు, నేను గూడ అన్న. నువ్వొక్కనివే ఇప్పటిదాంక అనలే. నువ్వు అననిదే పిల్ల నమ్మేటట్టు లేదు."

ఇంటికి వెళ్ళి బైబిల్లోంచి ఫారం తీశాడు. మడతల దగ్గర చిరుగుపట్టింది. ఆగిన చోట కలం పెట్టి 'చనిపోయాడు' అని రాశాడు.

మర్నాడు కెమెరా ముందు బస్వరాజ్ ఎప్పటిలాగే, ఆ రోజు ఏమైందో చెప్పమన్నాడు. సైమన్ పోలింగు రోజు సంగతి ఎత్తలేదు. "మా తమ్ముడు లాజరు మార్చి పదకొండున బోరంచ తొవ్వల సచ్చిపోయిండు. జెండాలకు పంపింది నేనే," అన్నాడు. గొంతు మార్చలేదు. బస్వరాజ్ కెమెరా అక్కడితో ఆపి, ఆ మాటలే ఛానెల్లో పెట్టాడు. సైమన్ పాత వీడియోలు తీసెయ్యమంటే అవీ తీసేశాడు.

ఆదివారం గుడి అయ్యాక సైమన్ వాళ్ళింటికి వెళ్ళాడు. గ్లోరీ కుర్చీ వేసింది. షైనీ వచ్చి అతని మోకాళ్ళ దగ్గర నిలబడింది.

"పెదనాయినా, వీడియో లేదు. నాయిన లెక్క ఒక్కపారి అను."

గ్లోరీ వద్దనలేదు. గుమ్మం పట్టుకుని ఆమె కూడా ఆగిపోయింది. సైమన్ గొంతు సవరించుకున్నాడు. కొంచెం ముక్కుతో, చివర తేల్చి అనబోయాడు.

"నేనే సార్."

పిల్ల అతని నోటి వంకే చూసింది. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు.

"గిది నీ గొంతే, పెదనాయినా," అంది షైనీ.